సూది పడ్డ పదకొండో రోజు

ఫ్లాండర్స్‌లో, లేయ్ నది ఒడ్డున ఉన్న ఒక చిన్న పట్టణపు వృద్ధుల వసతిగృహం. రెండో అంతస్తులో జుల్మా గది. ఎనభై మూడేళ్ల జుల్మా ముప్పై ఎనిమిదేళ్లపాటు ఆ చుట్టుపక్కల పిల్లలకు టీకాలు వేసిన నర్సు. ఎదుట కూర్చున్నవాడు వసతిగృహం డాక్టరు వానెస్ లగ్రూ. మధ్య బల్లమీద నాలుగు కాగితాలు, ఒక కలం.

“ఇదిగో, ఇక్కడ సంతకం పెడితే చాలు జుల్మా గారూ. మొత్తం చదవాల్సిన పని లేదు.”

“మొత్తం చదవకుండా నేను నా జ్ఞానస్నానం కాగితం మీద కూడా సంతకం పెట్టి ఉండేదాన్ని కాదు. అప్పటికి నాకు అక్షరాలు రావు కాబట్టి ఆ ఫాదరు బతికిపోయాడు.”

“ఇందులో మీకు కొత్త సంగతేమీ లేదండీ. మీ జబ్బు గురించే, ఒక వైద్య పత్రికకి.”

“నా జబ్బు గురించి నాకే కొత్తేమీ లేదంటే ఊళ్లోవాళ్లకి ఏముంటుంది? చదువు. పైకి చదువు.”

“మీ కళ్లద్దాలు అక్కడే ఉన్నాయిగా.”

“ఉన్నాయి. అయినా నీ నోటితో వినాలని ఉంది.”

“నేను సాయంత్రం లోపల ఇంకా పదకొండుమందిని చూడాలి.”

“నిన్నటిదాకా నువ్వు చూడనివాళ్లు ఇంకో అరగంట ఓపిక పట్టలేరా? చదువు నాయనా.”

“సరే. ‘ఫ్లూ టీకా అనంతరం వృద్ధ మహిళలో బొబ్బల చర్మవ్యాధి: ఒక కేసు నివేదిక. రచయిత: వానెస్ లగ్రూ.’”

“రచయితా?”

“అలాగే అంటారండీ.”

“ఏం రచించావు? దురద నాది. బొబ్బలు నావి. చీమూ రసీ నావి. రచయితవి మాత్రం నువ్వు.”

“మీ పేరు వేయకూడదు జుల్మా గారూ. గోప్యత ఉంటుంది. అందుకే మీ అనుమతి అడుగుతున్నాను. ఫోటోలు కూడా ఉన్నాయి. మొహం కనిపించదు, మీరు కంగారుపడొద్దు. వీపు, పొట్ట, తొడలు. అంతే.”

“అంతేనా! సన్యాసినుల హాస్టల్లో మేము పొడుగు చొక్కా వేసుకుని, దాని లోపలినుంచే సబ్బు రుద్దుకునేవాళ్లం. మన ఒళ్లు మనమే చూసుకోకూడదని. ఎనభై మూడేళ్లు ఎవడికీ చూపించని తొడలు ఇప్పుడు నువ్వు దేశదేశాల డాక్టర్లకి చూపిస్తానంటున్నావు.”

“శాస్త్రం కోసమే కదండీ.”

“నీ తొడలు నేను చూశాను. ఎనిమిది వారాల పిల్లాడివి. సూది పొడిస్తే నువ్వు ఏడవలేదు, మీ అమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. నేను ఎవరికైనా ఫోటోలు చూపించానా?”

“జుల్మా గారూ...”

“చదువు, చదువు.”

“‘రోగి ఎనభై మూడేళ్ల మహిళ. వసతిగృహ నివాసి. మధుమేహం కలదు. సహకార స్వభావం కలది.’”

“కొట్టెయ్.”

“ఏది?”

“చివరిది. నేను నీకు ఎప్పుడు సహకరించాను?”

“మంచిమాటే కదా అని రాశాను. సరే, కొట్టేశాను. ‘అక్టోబరు తొమ్మిదిన రోగికి ఫ్లూ టీకా ఇవ్వబడింది. పదకొండో రోజున పొట్టమీద, తొడలమీద నీటి బొబ్బలు గమనించబడ్డాయి. ఆసుపత్రిలో చర్మపు ముక్క పరీక్షించబడి, వ్యాధి నిర్ధారించబడినది.’”

“బడింది, బడ్డాయి, బడినది. మాకు వ్యాకరణం చెప్పిన సిస్టర్ ఇమెల్దా ఇలాంటి వాక్యం చూస్తే స్కేలుతో వేళ్లమీద ఒక్కటిచ్చేది. పని జరిగిందంటే చేసినవాడు ఉండాలి, వాడు వాక్యంలోంచి పారిపోయాడంటే ఏదో ఎత్తుకుపోయాడని అర్థం అనేది.”

“శాస్త్రంలో భాష ఇలాగే ఉంటుంది. రచయిత కనబడకూడదు.”

“పైన పేరు పెద్దక్షరాల్లో ఉంది, లోపల మాత్రం కనబడకూడదు. చర్చిలో పాపాలు ఒప్పుకోవడానికి వెళ్లి ‘ఫాదర్, నా చేత పాపం చేయబడినది’ అంటే ఆయన క్షమిస్తాడా? ముందు తిన్నగా మాట్లాడమంటాడు. సరే, తిన్నగానే అడుగుతాను. బొబ్బలు ఎవరు గమనించారు?”

“మీరే.”

“బొబ్బలకి ముందు వచ్చిన దురద ఎవరు గమనించారు?”

“మీరే చెప్పారు. వేసవిలో. ఎప్పుడో.”

“ఎప్పుడో కాదు. జూలై పదకొండు, మన ఫ్లాండర్స్ పండగ రోజు. కింద హాల్లో పసుపు జెండాలు కట్టి పాటలు పాడుతున్నారు, నేను కుర్చీ వెనక్కి వీపు రుద్దుకుంటున్నాను. ఆ మర్నాడు నువ్వు వచ్చావు. చూసి ఏమన్నావు?”

“అది ఇప్పుడెందుకు...”

“ఏమన్నావు?”

“గజ్జి కావచ్చన్నాను.”

“కావచ్చు అనలేదు. గుమ్మంలో నిలబడే ‘గజ్జి’ అన్నావు, లోపలికి కూడా రాలేదు. నా దుప్పట్లు, రవికలు నల్లసంచుల్లో కట్టేశారు. మూడు వారాలు భోజనాల గదిలోకి రానివ్వలేదు. పళ్లెం గుమ్మంలో పెట్టి తలుపు కొట్టి పరుగెత్తేవాళ్లు. మెడ దగ్గర్నుంచి అరికాళ్లదాకా మందు పూశారు. ఎన్నిసార్లు?”

“మూడుసార్లు. అది నియమం.”

“ఒక్క పురుగు కనిపించిందా?”

“కనిపించాలని లేదండీ. చాలా చిన్నవి.”

“కనిపించని పురుగుకి మూడుసార్లు మందు వేశావు. కనిపించే మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు. సరే, ఈ గజ్జి కథ నీ కాగితంలో ఎక్కడుంది?”

“దానికీ ఈ కేసుకీ నేరుగా సంబంధం లేదు.”

“లేదా? ఆసుపత్రిలో చర్మం డాక్టరమ్మ నా మంచం మీద కూర్చుని చెప్పింది. ఈ జబ్బులో బొబ్బలు వచ్చే ముందు నెలల తరబడి ఉత్త దురదే ఉండొచ్చని. నీకు చెప్పలేదా?”

“ఉత్తరంలో రాసింది.”

“మరి జూలైలో పుట్టిన దురదకి అక్టోబరులో పుట్టిన సూది తల్లి ఎలా అయింది?”

“తల్లి అనలేదండీ. ఉన్నదాన్ని రెచ్చగొట్టి ఉండవచ్చు. ఒంట్లో రక్షణ వ్యవస్థ అప్పటికే దారితప్పి ఉంటుంది, మన చర్మాన్నే పరాయిదనుకుని పోరాడుతూ ఉంటుంది. టీకా దాన్ని ఇంకాస్త ఉసిగొల్పి ఉండవచ్చు. ఇలాంటి నివేదికలు డజన్ల కొద్దీ వచ్చాయి. నేను కల్పించింది కాదు.”

“వాటిలో ఏమని ఉంది?”

“సంబంధం ఉండవచ్చునని.”

“అన్నిట్లోనూ?”

“దాదాపు అన్నిట్లో.”

“అంటే ఒకాయన ‘ఉండవచ్చు’ అన్నాడు. ఇంకొకాయన అది చూపించి తనూ ‘ఉండవచ్చు’ అన్నాడు. నువ్వు ఆ ఇద్దరినీ చూపించి మూడో ‘ఉండవచ్చు’ రాస్తున్నావు. ఎన్ని ‘ఉండవచ్చు’లు కలిపితే ఒక ‘ఉంది’ అవుతుంది డాక్టరుగారూ? రేటు ఎంత?”

“వెక్కిరింపులు తేలికండీ.”

“వేలమందిని పోల్చి చూసినవాళ్లు లేరా? సూది పడినవాళ్లనీ పడనివాళ్లనీ?”

“ఉన్నారు.”

“వాళ్లేమన్నారు?”

“చాలామంది... చెప్పుకోదగ్గ తేడా కనబడలేదన్నారు. కానీ పూర్తిగా కొట్టిపారేయలేమని కూడా అన్నారు.”

“అది రాశావా?”

“చివర్లో ఒక వాక్యం ఉంది.”

“చిన్నక్షరాల్లోనా?”

“అన్నీ ఒకే సైజు అక్షరాలండీ! మీరు టీకాలు వేసిన మనిషి. టీకాని ఒక్క మాటంటే మీకు నొప్పి. అదీ అసలు సంగతి.”

“అలా వచ్చావా! విను. సూది వల్ల ఎవరికీ ఏమీ కాదని నేను ఏనాడూ అనలేదు. ఒక పాపకి నేను వేసిన గంటకి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. నేనే సైకిలు మీద వెళ్లి చూసి, నేనే నా పేరుతో పైకి రాశాను. వద్దన్నారు, రాశాను. నిజంగా జరిగితే రాయాలి. అందుకే జరగనిది రాయకూడదు. నువ్వు ఇలాంటివి నాలుగు రాసి పారేస్తే, రేపు నిజంగా సూది వల్లే ఒళ్లు కాలిన ఆడమనిషి వచ్చి మొత్తుకున్నా ఎవడు నమ్ముతాడు? ఆమె నోట్లో మన్ను కొట్టేది ఆ టీకాలు వద్దనే గుంపు కాదు. నువ్వు.”

“నన్ను వాళ్లతో కలపకండి.”

“మొన్న ఆ గుంపువాడొకడు పువ్వులు పట్టుకుని ఈ గదికే వచ్చాడు. ‘అమ్మా, సూది మీ ఒళ్లు ఎలా కాల్చిందో మా సభలో రెండు మాటలు చెప్పాలి’ అన్నాడు. నా సంగతి వాడికెవరు చెప్పారు?”

“కాఫీ గదిలో... ఎవరో విని ఉంటారు.”

“ఎవరి నోటినుంచి?”

“నేను ఊరికే మా వాళ్లతో అంటుంటే...”

“వాడి పువ్వులు వాడి చేతిలోనే ఉండగా తలుపు వేశాను. నువ్వు డాక్టరువి కాబట్టి కుర్చీ ఇచ్చాను. తేడా అంతే. తర్వాతి వాక్యం చదువు.”

“‘మందులలో ఇటీవల ఎటువంటి మార్పు లేదు.’”

“మళ్లీ.”

“‘మందులలో ఇటీవల ఎటువంటి మార్పు లేదు.’”

“మూడోసారి కూడా చదువుతావేమోనని చూస్తున్నాను. ఈసారైనా నాలుక తడబడుతుందేమోనని.”

“ఇటీవల అని ఉంది కదండీ. మూడు నెలల్లో అని అర్థం.”

“మూడు నెలలని ఎవరు చెప్పారు?”

“ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా.”

“గీశావు. మార్చి నెలకి ఇవతల గీశావు. మార్చిలో ఏం చేశావో నేను చెప్పనా, నువ్వు చెబుతావా?”

“చక్కెరకి కొత్త మాత్ర పెట్టాను. మంచి మాత్రే. పాతది వేసుకుంటే చక్కెర ఒక్కసారి పడిపోయేది, మీరే రెండుసార్లు స్నానాల గదిలో తూలిపడ్డారు.”

“పడ్డాను. మంచి మాత్ర కాదని నేననలేదు. ఆ మాత్రకీ ఈ బొబ్బలకీ ఉన్న చుట్టరికం గురించి చర్మం డాక్టరమ్మ ఉత్తరంలో ఏం రాసింది?”

“ఆ ఉత్తరం కింద ఫైల్లో ఉందండీ.”

“నాకు చదివి వినిపించాకే కవరు అంటించింది. నాకు తెలియదనుకోకు.”

“‘ఈ రకం మాత్రలతో ఈ వ్యాధి రావడం బాగా తెలిసిన విషయం, వెంటనే ఆపండి’ అని. ఆపాను కదా! ఉత్తరం వచ్చిన రోజే ఆపాను.”

“ఎవరికి ఆపావు?”

“మీకు.”

“అలీదాకి?”

“అలీదా గారి సంగతి వేరు.”

“ఏం వేరు? పక్క గది. అదే మార్చి. అదే మాత్ర. ఈ అంతస్తులో చక్కెర ఉన్న తొమ్మిదిమందికీ ఒక్కరోజే మార్చావు. మా పొద్దుటి మాత్రల సంచుల్లో తెల్లది పోయి పసుపుది వచ్చింది. సెప్టెంబరునుంచి ఆమె గోక్కుంటోంది. పక్షవాతం వచ్చి మాట పోయిన మనిషి, ‘ఆఁ ఆఁ’ తప్ప రాదు. ‘దురదగా ఉందా అలీదా’ అంటే ‘ఆఁ ఆఁ’. ‘మందు పూయనా’ అంటే ‘ఆఁ ఆఁ’. కుడిచేయి రాదు కాబట్టి ఎడమచేత్తోనే గోక్కుంటుంది. ఎడమ భుజం తనకి అందదు. రోజూ పేకాటకి కూర్చున్నప్పుడు నేనే వెళ్లి దువ్వెనతో గోకుతున్నాను. ఆమెకి నువ్వు ఏం రాశావు?”

“గజ్జి... పరీక్ష జరుగుతోంది.”

“ఆమె మీద బొబ్బలు లేచేదాకా పరీక్ష జరుగుతుంది. లేచాక నువ్వు రెండో నివేదిక రాస్తావు. ‘అలీదా అనే సహకార స్వభావం గల మహిళ.’”

“అది అన్యాయపు మాట జుల్మా గారూ!”

“అన్యాయం అన్న ముక్క నీకు తెలుసన్నమాట. అయితే విను. నీకు నా సంతకం కావాలి. నాకు అలీదా మాత్ర ఆగాలి. ఈరోజు, నా ఎదుట. నోటిమాట కాదు, రాసి.”

“వైద్యాన్ని ఇలా బేరం పెట్టకూడదండీ.”

“బేరం కాదు. ఉత్తరం వచ్చిన రోజే నీ అంతట నువ్వు చెయ్యాల్సింది. రెండు నెలలైంది. ఎందుకు చెయ్యలేదు? నిజం చెప్పు, నేను ఫాదరుకి కూడా చెప్పను.”

“ఆమెకి కూడా ఆపితే... మాత్రే కారణమని నేను ఒప్పుకున్నట్టు అవుతుంది. అప్పుడు ఈ నివేదికకి అర్థం ఉండదు. మాత్ర వల్ల వచ్చినవి వందల కొద్దీ అచ్చయ్యాయి. ఇంకొకటి పంపితే పత్రికవాళ్లు తెరిచి కూడా చూడరు.”

“అంటే నా బొబ్బలు పాతబడిపోయాయి.”

“వచ్చే మార్చిలో బ్రూజ్‌లో డాక్టర్ల సమావేశం ఉంది. నాతో చదివినవాళ్లందరూ ప్రొఫెసర్లయ్యారు. నన్ను చూస్తే ‘ఏమోయ్, ముసలోళ్ల డాక్టరూ’ అంటారు. నవ్వుతారు. మీకేం తెలుసు!”

“ముసలోళ్ల డాక్టరువే కదా. అదైనా సరిగ్గా అవ్వు.”

“డాక్టర్, మీరిక్కడున్నారా! అలీదా గారి గది ఖాళీ చేయిస్తున్నాం. పైపూత నాలుగోసారి ఇప్పుడే వేయమంటారా, రేపు స్నానం అయ్యాకా?”

“లోపలికి రా వీర్లే. ఈ అంతస్తు హెడ్ నర్సువి గుమ్మంలో నిలబడతావేం? నాకు గజ్జి తగ్గిందిలే.”

“మీరెప్పుడూ ఇంతే జుల్మా గారూ. డాక్టర్, చెప్పండి, నర్సు పిల్లలు చేతి తొడుగులు వేసుకుని నిలబడ్డారు.”

“వీర్లే... అది ఇప్పుడు వద్దు. ఆపండి.”

“ఇప్పుడు వద్దా, రేపటికా?”

“అసలు వద్దు. పైపూత ఆపెయ్యండి. అలీదా గారి చక్కెర మాత్ర కూడా. ఆ పసుపుది. ఈ పూటనుంచే.”

“మాత్రా? డాక్టర్, మాత్రల సంచుల చుట్ట వచ్చే సోమవారందాకా కట్టి పంపేశారు. మందులషాపు వాళ్లు మళ్లీ కట్టాలంటే...”

“మళ్లీ కట్టేదాకా ఒక్కో సంచీ చింపి ఆ మాత్ర తీసెయ్ పిల్లా. నీకు కత్తెర లేకపోతే నాది ఇస్తాను.”

“మిమ్మల్ని కాదండీ, డాక్టరుగారిని అడుగుతున్నాను.”

“చింపి తీసెయ్యండి వీర్లే. చక్కెర రోజుకి మూడుసార్లు చూడండి, ఎక్కువుంటే నాకు ఫోన్ చెయ్యండి. చర్మం డాక్టరు దగ్గర ఈ వారంలోనే టైము తీసుకోండి. చర్మం ముక్క తీసి చూడాలని నేను ఉత్తరం రాస్తాను.”

“ఉత్తరం ఎప్పుడు రాస్తావో. ముందు ఆ మాత్ర ఆపమన్న ముక్క ఇక్కడ రాయి, వీర్లే చేతికివ్వు. ఇంకా ఎవరున్నారు వీర్లే, ఆ తొమ్మిదిమందిలో గోక్కునేవాళ్లు?”

“ఇరవయ్యో గది ఓమర్ గారు రాత్రుళ్లు కాస్త... ఆయనకి ఉన్ని బనీను పడదని అనుకున్నాం.”

“బనీను! ఒకరికి పురుగు, ఒకరికి బనీను. ఈ ఇంట్లో ప్రతి దురదకీ ఒక పేరుంది, కారణమే లేదు.”

“ఓమర్ గారిని నేనే ఇప్పుడు వెళ్లి చూస్తాను. ఇదిగోండి వీర్లే, రాసిచ్చాను. తేదీ వేశాను. వెళ్లండి.”

“సరే డాక్టర్. పిల్లలకి తొడుగులు తీసెయ్యమని చెబుతాను.”

“తలుపు వేసి వెళ్లు పిల్లా.”

“ఇప్పుడు మీ మనసు చల్లబడిందా?”

“నా మనసు సంగతి అలా ఉంచు. అలీదా ఒళ్లు చల్లబడటానికి ఎన్నాళ్లు?”

“అదే జబ్బయితే వారాలు పడుతుంది. ఒక్కోసారి మాత్ర ఆపినా పూర్తిగా తగ్గదు, పూతమందు వాడాలి. కానీ బొబ్బలు లేవకముందే పట్టుకుంటే... మంచిదే. మీరు చెప్పింది మంచిదే అయింది. ఒప్పుకుంటున్నాను.”

“ఒప్పుకోలుకి నీకు మార్కులేం వేయను. నీ కాగితం సంగతి చూద్దాం. ‘మార్పు లేదు’ అన్న వాక్యం దిద్దుతావా?”

“మార్చిలో మాత్ర మారిందని ఒక ముక్క కలుపుతాను. కింద, పట్టికలో.”

“పట్టికలో. ఎవరూ చూడని చోట. ఇంత జరిగాక కూడా పేరు సూదిదే, పరువు నీదే.”

“తేదీలు అలా ఉన్నాయి జుల్మా గారూ! టీకా పడ్డ పదకొండో రోజు బొబ్బలు. చదివే ఎవరికైనా అదే కళ్లకి కొడుతుంది. దాన్ని నేను ఎలా దాచను?”

“దాచొద్దు. ఈ సంతకం దేనికి, ఇంకోసారి చెప్పు.”

“ఫోటోలు వేసుకోవడానికి, మీ ఫైలు వాడుకోవడానికి. అంతే.”

“నువ్వు రాసింది నిజమని కాదు కదా?”

“కాదు. ఆ పూచీ రచయితది.”

“ఎక్కడుంది ఆ పూచీ?”

“నాలుగో కాగితం కింద. ‘పై విషయాలన్నీ స్వయంగా పరిశీలించి, రోగిని విచారించి రాశానని ధ్రువీకరిస్తున్నాను.’”

“సంతకం లేదే.”

“పంపే ముందు పెడతాను.”

“ముందు నువ్వు పెట్టు. తర్వాత నేను.”

“మీరు మరీ... ఇదిగో. పెట్టాను. తేదీ కూడా.”

“సిరా ఆరనీ. ఆఁ, ఇటివ్వు కలం. జుల్మా మరియా కూస్మాన్. ఇదిగో, పెట్టాను. నీ తొడల ఫోటోలు, అదే, నా తొడల ఫోటోలు వేసుకో.”

“నమ్మలేకపోతున్నాను. నేను ఇంకా మీరు చింపేస్తారనుకున్నాను. చాలా థాంక్సండీ. నిజంగా. బ్రూజ్‌లో ఈ తేదీల బొమ్మ పెద్ద తెర మీద వేస్తాను. తొమ్మిది, ఇరవై. మధ్యలో పదకొండు రోజులు. ఒక్కసారి చూస్తే చాలు.”

“ఇంత రాశావు కదా, రోగిని విచారించానని సంతకం కూడా పెట్టావు. నన్ను ఏ రోజు ఏమడిగావు?”

“ప్రత్యేకంగా అడగడానికేముందండీ? అన్నీ ఫైల్లోనే ఉన్నాయి.”

“తొమ్మిదో తేదీ ఏముంది ఫైల్లో?”

“రెండో అంతస్తు, ఇరవై నాలుగు గదులు, ఇరవై నాలుగు టిక్కులు. ఉదయం ఎనిమిదిన్నరకే ముగించారు.”

“కాఫీ బండి రాకముందే ఇరవై నాలుగు చేతులు! నేను ముప్పై ఎనిమిదేళ్లు చేశాను, గంటకి పన్నెండు దాటితే ఆ రోజు గొప్పగా చెప్పుకునేదాన్ని.”

“వీర్లే చురుకైన మనిషి.”

“చాలా చురుకు. సూదులపెట్టె తెరవకముందే టిక్కులన్నీ పెట్టేసుకుంటుంది, తర్వాత పని సులువవుతుందని. ఆ పొద్దున ఏడున్నరకే మా అన్నకొడుకు కారులో వచ్చి నన్ను తీసుకుపోయాడు. మా చెల్లెలు గాబ్రియెల్‌ని ఆ రోజే మట్టిలో పెట్టాం. చర్చిలో పూజ అయ్యాక అందరికీ కాఫీ, హామ్ పెట్టిన రొట్టెలు. నేను ఈ గదికి తిరిగొచ్చేసరికి చీకటి పడింది.”

“అంటే... ఉండండి. ఆ రోజు మీరు... ఇది మొదటే చెప్పొచ్చు కదండీ!”

“చెబితే కాగితాలు సర్దుకుని లేచి వెళ్లిపోయేవాడివి. అలీదా ఆ మాత్ర మింగుతూనే ఉండేది.”

“మర్నాడు వేసి ఉంటారు. తప్పకుండా వేసి ఉంటారు. వదిలేసినవాళ్లకి మర్నాడు వేస్తారు!”

“చొక్కా చేయి మడుచుకుని నేనే వెళ్లి అడిగాను నాయనా. ‘మీకు వేసినట్టు కంప్యూటర్లో ఉంది, రెండోసారి వేయకూడదు’ అని గదికి పంపేశారు.”